ఆకుకూరల్లో పురుగూ పుట్రా: మడి నుంచి మూకుడు దాకా తరచుగా అడిగే ప్రశ్నలు

వానలు మొదలైతే చాలు, మిద్దెతోట మిత్రుల్లో రోజూ ఎవరో ఒకరు ఆకు ఫోటో పంపి "ఇదేంటండీ?" అని అడుగుతారు. రైతుబజారులో కట్ట కొనుక్కొచ్చినవాళ్లవీ అవే అనుమానాలు. పదేపదే వచ్చే ప్రశ్నల్ని ఒకచోట చేర్చాను. దేనికది విడిగా చదువుకోవచ్చు, మీకు కావాల్సిన దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

ఒక్క మాట మాత్రం ముందే చెప్తాను. చాలామంది కట్ట ఇంటికి రాగానే నీళ్లలో ముంచేస్తారు. ముందు చూడాలి, తర్వాత తడపాలి. తడిసిన ఆకులు ఒకదానికొకటి అతుక్కుపోయాక వాటి మధ్య ఏముందో కనిపెట్టడం చాలా కష్టం.

## మడిలో ఉండగా

ఆకుల నిండా చిల్లులే, పురుగు మాత్రం ఒక్కటీ కనిపించదు. ఎక్కడ దాక్కుంటుంది?

పగలు వెతుకుతున్నారు కాబట్టి కనిపించడం లేదు. పొగాకు లద్దె పురుగు కాస్త పెరిగాక ఎండవేళ మట్టి పెళ్లల కింద, కాడల మొదట్లో ఉండి, చీకటి పడ్డాక పైకొచ్చి తింటుంది. రాత్రి భోజనాలయ్యాక టార్చి పట్టుకుని వెళ్లండి, పొద్దున కనిపించనివన్నీ వరసగా కనిపిస్తాయి.

పగలే చూడాలనుకుంటే పురుగును వదిలేసి దాని పెంటను వెతకండి. కింది ఆకుల మీద నల్లటి చిన్న గింజలు రాలి ఉంటాయి. వేలితో నలిపితే మెత్తగా, పచ్చగా ఉంటే అది ఇప్పటిదే, పురుగు ఆ పై ఆకు వెనకో, ఆ మొక్క మొదట్లోనో ఉంటుంది. ఎండి పొడిపొడిగా రాలితే పాతది. ఆకు చిల్లులు పడకుండా పచ్చదనం గీకేసి సన్నటి పొరలా మిగిలితే అవి అప్పుడే గుడ్లలోంచి వచ్చిన పిల్ల పురుగులు, గుంపుగా ఒకే ఆకు వెనక ఉంటాయి. ఆ ఒక్క ఆకూ తుంచి పారేస్తే వందల పురుగుల బెడద వదులుతుంది. రెండు రోజులు ఆగితే మడంతా పాకుతాయి.

తోటకూర ఆకులు మడతలు పడి, దారంతో కుట్టినట్టు అయిపోతున్నాయి. ఎందుకు?

అది గూడు పురుగు పని. ఆకును దారాలతో ముడిచి లోపల కూర్చుని తింటుంది. మడత విప్పితే సన్నటి ఆకుపచ్చ పురుగు, దాని చుట్టూ నల్లటి పెంట కనిపిస్తాయి. తాకీ తాకగానే మెలికలు తిరిగి, దారం వదులుతూ కిందికి జారిపోతుంది. అందుకే కింద పళ్లెం పెట్టుకుని విప్పాలి. నన్నడిగితే విప్పడమే దండగ. మడతపడిన ఆకును మడతపడినట్టే తుంచి సబ్బునీళ్ల బకెట్లో వేయండి.

పాలకూర, మెంతి ఆకుల మీద తెల్లటి వంకర గీతలున్నాయి. తెగులా, పురుగా?

పురుగే, కానీ ఆకు మీద కాదు, లోపల ఉంది. ఆకు తొలిచే ఈగ పిల్ల ఆకు పై పొరకీ కింది పొరకీ మధ్య సొరంగం తవ్వుకుంటూ పోతుంది. గీత ఒకవైపు సన్నగా మొదలై రెండోవైపు వెడల్పవుతుంది. ఆ వెడల్పు చివర వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. లేత పసుపు రంగు చుక్క కదులుతూ ఉంటే పురుగు ఇంకా లోపలే ఉంది. చిన్న చీలిక మాత్రమే కనిపిస్తే బయటికి వెళ్లిపోయింది.

కడిగితే ఇది పోదు, నీళ్లు దాన్ని తాకనే తాకవు. గీతలున్నంత మేర చించేసి మిగతా ఆకు వాడుకోవచ్చు.

ఆకు వెనక తెల్ల చుక్కలు. గుడ్లా, బూజా, దుమ్మా?

గోటితో గీకి చూడండి. గుడ్లయితే విడివిడిగా ఊడొస్తాయి, ఒకే సైజులో ఉండి ఒక క్రమంలో పేర్చినట్టుంటాయి. గుడ్ల గుంపు మీద గోధుమరంగు నూగు కప్పి ఉంటే లద్దె పురుగు పెట్టినవి. దూదిలా అంటుకుని, నలిపితే జిగురుగా తగిలితే పిండినల్లి. గోంగూర కణుపుల దగ్గర ఇది ఎక్కువ. తోటకూర ఆకు అడుగున తెల్లని బుడిపెలుండి, సరిగ్గా వాటి పైవైపు ఆకు పసుపెక్కి ఉంటే అది తెల్లమచ్చ తెగులు, జంతువుతో సంబంధం లేదు.

ఇక పప్పుకూర అనే చక్రవర్తికూరలో లేతాకుల అడుగున పిండి చల్లినట్టుండడం దాని సహజ గుణం. దాన్ని చూసి మంచి కూర పారేసినవాళ్లున్నారు.

కరివేపాకు మొక్క మీద పిట్ట రెట్ట అనుకున్నాను, కానీ కదిలింది!

సీతాకోకచిలుక పిల్ల. కరివేపాకు, నిమ్మ మొక్కల మీద పెరిగే ఈ గొంగళి చిన్నప్పుడు నలుపు తెలుపు మచ్చలతో అచ్చం రెట్టలాగే ఉంటుంది, పిట్టలు వదిలేస్తాయని. పెద్దయ్యాక ఆకుపచ్చగా మారి రెమ్మ రంగులో కలిసిపోతుంది. తాకితే తల వెనక నుంచి నారింజరంగు కొమ్ములు బయటపెట్టి ఘాటైన వాసన వదులుతుంది. కుట్టదు, విషమేమీ లేదు. పోపులో వేసే కరివేపాకు రెమ్మను ఒకసారి తిప్పి చూసుకుంటే చాలు. పిల్లలున్న ఇంట్లో అయితే ఒకదాన్ని మొక్క మీదే వదిలేసి చూపించండి, సరదాగా ఉంటుంది.

నత్తలున్నాయో లేవో ఎలా తెలుస్తుంది?

పొద్దున్నే ఎండ పడకముందు కుండీ అంచుల్నీ ఆకుల్నీ ఏటవాలుగా చూస్తే వెండి గీతల్లా మెరిసే జిగురు చారలు కనిపిస్తాయి. చార ఉంటే నత్త ఉన్నట్టే, చార ఎక్కడ ఆగిందో అక్కడికి దగ్గర్లోనే ఉంటుంది. సాయంత్రం తడి గోనెసంచి గానీ బొప్పాయి ఆకులు గానీ మడి పక్కన పరచి, తెల్లారి ఎత్తి చూడండి. రాత్రంతా తిరిగినవన్నీ ఆ చల్లదనానికి కిందికి చేరతాయి.

పెద్ద గుల్లతో గుప్పెడంత ఉండేది ఆఫ్రికా నత్త. 1847లో కలకత్తాకు తెచ్చిన నత్తలే మన దేశంలో దీనికి మొదలు. దేన్నైనా సరే గ్లౌజులు లేకుండా తాకొద్దు. ఏరి ఉప్పునీళ్ల బకెట్లో వేయండి. ఉప్పును మడిలో మాత్రం చల్లకండి, మట్టి పాడైపోతుంది.

అల్ట్రావయొలెట్ టార్చి కొంటే పురుగులన్నీ మెరుస్తాయంటున్నారు. కొనాలా?

అన్నీ మెరవవు. ఆ వెలుగులో ఆకులు మసక ఎరుపుగా కనిపిస్తాయి, కొన్ని రకాల గొంగళి పురుగులు దానికి భిన్నంగా పచ్చగా మెరుస్తాయి. పేనుబంక (ఆకు రసం పీల్చే చిన్న పురుగు), నత్తల విషయంలో దాని మీద ఆశ పెట్టుకోవద్దు. తేళ్లు మాత్రం నీలం కలిసిన పచ్చ రంగులో స్పష్టంగా మెరుస్తాయి. పొలం గట్ల మీద, రాళ్ల పక్కన కూర పెంచేవాళ్లకు ఆ ఒక్క కారణం చాలు కొనడానికి. మిద్దె మీద నాలుగు కుండీలకైతే మామూలు టార్చి సరిపోతుంది.

మడిలో ఎలుక పెంటికలు కనిపించాయి. అవి తీసేసి కూర కోసుకోవచ్చా?

పెంట పడ్డ మొక్కల్ని, వాటి చుట్టూ ఉన్న కూరని వదిలేయండి. కాలిఫోర్నియా ఆకుకూర రైతులు పాటించే నియమాల్లో పెంట కనిపించిన చోటు నుంచి చుట్టూ కనీసం 5 అడుగుల మేర కోయకూడదని ఉంది. 2006లో అక్కడి పాలకూర తిని అమెరికాలో దాదాపు 200 మంది జబ్బుపడ్డారు, ముగ్గురు చనిపోయారు. ఆ జబ్బు తెచ్చిన ఈ-కొలై బాక్టీరియా రకమే పొలం దగ్గరి పశువుల పేడలో, అడవిపందుల పెంటలో దొరికింది. ఆ నియమాలు పుట్టింది దాని తర్వాతే.

కుండీల్లో 5 అడుగులు వదిలితే ఇంకేం మిగలదంటారా? ఆ కుండీ కూర పచ్చిగా మాత్రం తినకండి. పెంట నేరుగా తగిలిన ఆకును ఉడికించడానికి కూడా వాడొద్దు.

## కోసేటప్పుడు

పొద్దున్నే కోయాలా, ఎండెక్కాకా?

రైతులు తెల్లవారుజామునే కోస్తారు. ఆ వేళ ఆకు బిగువుగా ఉంటుంది, బజారుకు వాడకుండా చేరుతుంది. కానీ మంచు తడి ఉన్నంతసేపూ నత్తలు ఆకుల మీదే ఉంటాయి, చల్లదనానికి పురుగులు కదలకుండా ఆకు వెనక అతుక్కుని ఉంటాయి, కట్టలోకి అవీ వచ్చేస్తాయి. ఇంటి అవసరానికి కోసుకునేవాళ్లకు ఆ తొందర లేదు. మంచు ఆరాక, ఎండ ముదరకముందు కోయండి. కోసిన గుప్పెడును తలకిందులుగా పట్టి రెండుసార్లు గట్టిగా విదిలిస్తే సాలీళ్లు, చీమలు, పెంకు పురుగులు అక్కడే రాలిపోతాయి.

వేళ్లతో పీకితే నష్టమా?

వేళ్లతో పాటు మట్టి, మట్టితో పాటు వానపాములు, జెర్రులు, రోకలిబండలు వస్తాయి. తోటకూరను పీకి అమ్మడం అలవాటే, తప్పేం కాదు. పీకిన వెంటనే వేళ్లు దులిపి, మొదలు కత్తిరించి, ఆ తర్వాతే కట్ట కట్టాలి. వేరుమట్టి ఆకుల మీద పడిందంటే తర్వాత ఎంత కడిగినా పంటికింద ఇసుక తగులుతూనే ఉంటుంది.

ముందురోజు మందు కొట్టేస్తే పురుగంతా చచ్చిపోతుంది కదా?

చచ్చిన పురుగు ఆకుకే అంటుకుని ఉంటుంది, పైగా మందు కూడా కూరతో పాటు వంటింట్లోకి వస్తుంది. ప్రతి పురుగుమందు డబ్బా మీదా కొట్టాక ఎన్ని రోజులు కోయకూడదో రాసి ఉంటుంది. ఆకుకూరలు నెల తిరక్కుండానే కోతకొస్తాయి, ఆ గడువు పాటించడానికి చాలాసార్లు వీలే ఉండదు. మొలక దశలోనే వేపగింజల కషాయం 5 శాతం పిచికారీ చేసి, మడి మీద సన్నటి నైలాన్ వల కప్పితే సగం బాధ తప్పుతుంది.

మునగాకు కోద్దామంటే చెట్టు మొదలంతా బొంత పురుగులు. ఆకు పనికొస్తుందా?

ఆషాఢంలో మునగాకు తినాలంటారు, సరిగ్గా వానలకే ఈ పురుగులూ దిగుతాయి. పగలు కాండం మీద గుంపుగా అతుక్కుని ఉండి రాత్రి ఆకు తింటాయి. ఇబ్బంది పురుగు కన్నా దాని నూగుతో ఎక్కువ. నూగు ఊడి ఆకుల మీద పడుతుంది, చేతికి తగిలితే దురద, దద్దుర్లు. నోట్లోకో కంట్లోకో వెళ్తే మంట. ఉడికించినంత మాత్రాన నూగు మాయమైపోదు.

గుంపులున్న కొమ్మ ఆకు ముట్టుకోవద్దు. దూరంగా, ఎత్తున ఉన్న కొమ్మల నుంచి పూర్తి చేతుల చొక్కా వేసుకుని కోయండి. రెమ్మల్ని ఇంట్లోకి తేకుండా ఆరుబయటే దులిపి, పారే నీటి కింద కడగండి. చెట్టంతా పట్టేసి ఉంటే ఈ ఏటికి పక్కింటివాళ్ల ఆకు అడగడమే మేలు.

## బజార్లో

చిల్లులున్న ఆకంటే మందు కొట్టని ఆకనేగా అర్థం?

కాదు. పురుగు తిన్నాకే రైతు మందు కొట్టి ఉండొచ్చు, పడిన చిల్లు మళ్లీ పూడదు కదా. చిల్లు లేకపోతే మందు కొట్టారనీ కాదు, వల కింద పెంచి ఉండొచ్చు, చలికాలపు పంటై ఉండొచ్చు. చిల్లును బట్టి తెలిసేది ఒక్కటే, ఇక్కడ ఏదో తింది. అంచు పచ్చిగా ఉంటే ఇటీవల తింది, ఎండి గోధుమరంగుకు తిరిగితే ఎప్పుడో తిని పోయింది.

కొనేముందు కట్టలో ఏం చూడాలి?

పై ఆకులు చూపించడానికే పెడతారు. మీరు కట్టు వేసిన చోట వేలితో కాస్త ఎడం చేసి లోపలికి చూడండి. జిగురు, నల్లటి పెంట, సాలెగూడు దారాలు, కుళ్లిన ఆకు ఉంటే అక్కడే తెలిసిపోతాయి. కట్టను తలకిందులు చేసి ఒకసారి విదిలించండి, అమ్మే అవ్వ విసుక్కున్నా సరే. మాటిమాటికీ నీళ్లు చల్లి అట్టడుగున ఉంచిన కట్టలకన్నా పొడిగా, వదులుగా పరిచినవి నయం. ఒత్తుగా బిగించిన పెద్ద కట్ట చవగ్గా అనిపిస్తుంది గానీ, వానాకాలంలో చిన్న కట్టలు రెండు కొనుక్కోండి.

మూటల్లో పాములు, తేళ్లు వస్తాయంటారు. అతిగా చెప్తున్నారా?

అరుదే, కానీ అబద్ధం కాదు. తడిగా, చల్లగా ఉన్న మూటలోకి కప్ప దూరుతుంది, కప్ప కోసం పాము వస్తుంది. పొలం గట్టున రాత్రంతా ఉంచిన మూటలైతే మరీ జాగ్రత్త. హోల్‌సేల్‌గా మూట కొనేవాళ్లు చేయి పెట్టి తీయకుండా నేల మీద కుమ్మరించి, కర్రతో పరిచి, ఆ తర్వాతే కట్టలు ముట్టుకోవాలి.

మురుగునీటితో పండించిన కూరలో ఏముంటాయి?

కంటికి కనిపించే పురుగు కాదు అక్కడి సమస్య. మనుషుల మలం కలిసిన నీటిలో ఏలికపాముల గుడ్లుంటాయి. కంటికి ఆనవు, ఆకుకు అంటుకుని ఉంటాయి. హైదరాబాద్ కింద మూసీ వెంట పాలకూర, తోటకూర దశాబ్దాలుగా పండుతున్నాయి, కాబట్టి ప్రశ్న సహజమే. పచ్చిగా తినే పంటలకు పారించే లీటరు నీటిలో ఒకటికి మించి అలాంటి గుడ్లుండకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఎక్కడ పండిందో తెలియని కూరను పచ్చిగా తినకండి. బాగా ఉడికితే ఆ గుడ్లు బతకవు.

## ఇంట్లో బాగుచేసేటప్పుడు

కూర బాగుచేయడానికి అసలైన పద్ధతి ఏంటి? టైమ్ ఉండదు, త్వరగా అయ్యేది చెప్పండి.

త్వరగా కావాలంటేనే ఇలా చేయండి. కిటికీ దగ్గర వెలుతురులో పాత తెల్ల పంచె గానీ దుప్పటి గానీ పరచండి. కట్టు తీసి కూరను పలచగా విప్పి, పది నిమిషాలు వదిలేయండి. టీ తాగి రండి. ఊపిరాడని కట్ట విడివడగానే చీమలు, సాలీళ్లు, పెంకు పురుగులు వాటంతటవే బయటికి నడుస్తాయి, తెల్ల బట్ట మీద ఒక్కోటీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. రంగుల గుడ్డ మీద ఇవేవీ కనబడవు.

తర్వాత బట్ట మీద రాలినదాన్ని చదవండి. నల్లటి గింజలు రాలితే గొంగళి ఉంది. జిగురుతో మెరిసే మచ్చలుంటే నత్త గానీ పేనుబంక గానీ. తెల్లటి పొట్టు రాలితే పేనుబంక విడిచిన తోలు. ఏం వెతకాలో తెలిసింది కాబట్టి ఇక ఆకు వలిచేటప్పుడు చూపు అటే పోతుంది.

వలిచేటప్పుడు ఆకును వెనక్కి తిప్పి, ఈనె పొడవునా ఒక్క చూపు. పురుగు ఈనెను ఆనుకునే ఉంటుంది, నిలువుగా పడుకుని, అదే రంగులో. పాలకూరలో మొదలు దగ్గర ఆకులు కలిసే చోటు, తోటకూరలో మొవ్వు, బచ్చలిలో తీగ మెలిక, ఉల్లికాడల్లో గొట్టం లోపల: ఈ చోట్లు వదలొద్దు. ఉల్లికాడను నిలువునా చీల్చి చూడనివాళ్లే ఎక్కువ. క్యాబేజీ పై నాలుగైదు ఆకులు తీశాక ముచ్చిక వైపు చిల్లు కనిపిస్తే గడ్డను నాలుగు చెక్కలు చేసి ఒక్కో పొరా విప్పాల్సిందే.

కొత్తిమీర, పుదీనా, మెంతి: ఇంత చిన్న ఆకుల్లో ఒక్కోటీ చూడాలంటే తెల్లారిపోతుంది.

ఒక్కోటీ చూడక్కర్లేదు. గుప్పెడు తీసుకుని, కాడల వైపు పట్టుకుని, తెల్లటి పళ్లెం అంచుకు నాలుగైదుసార్లు తట్టండి. పళ్లెంలో రాలిన చుక్కల్ని అర నిమిషం గమనించండి. కదిలితే పేనుబంకో మరో పురుగో, కదలకపోతే మట్టి. ఏమీ రాలకపోతే ఆ గుప్పెడు పక్కన పెట్టేయొచ్చు. రాలితే ఆ గుప్పెడు వరకే రెమ్మరెమ్మా చూడండి. పుదీనాలో రెమ్మ చివరి లేతాకుల మధ్య, కొత్తిమీరలో కాడ చీలే చోట ఎక్కువగా ఉంటాయి.

నాకు చూపు ఆనదు. ఫోన్ కెమెరా పనికొస్తుందా?

బాగా పనికొస్తుంది, భూతద్దంగా. ఆకు వెనక వైపు దగ్గరగా ఫోటో తీసి పెద్దది చేసి చూసుకోండి. ఫోన్ టార్చిని ఆకు కింద పెట్టి పైనుంచి చూస్తే తొలిచే పురుగు సొరంగం, అతుక్కున్న గుడ్లు నీడల్లా తేలతాయి. ఫోటో పెడితే పురుగు పేరు చెప్పే యాప్‌లు గుర్తుపట్టడానికి మాత్రమే. ఆకు మొత్తంలో ఏమీ లేదని అవి చెప్పలేవు.

ఫ్రిజ్‌లో పెడితే పురుగులు చస్తాయి కదా?

చావవు, మందగిస్తాయి. బయట పెట్టిన కాసేపటికి మళ్లీ పాకుతాయి. పేనుబంక రోజుల తరబడి చలికి ఓర్చుకుంటుంది. కూరను పొడిగా బాగుచేసి, కడక్కుండా, బట్టలోనో కాగితంలోనో చుట్టి పెట్టండి. వండేముందు కడగండి. తడి ఆకును సంచిలో బిగించి పెడితే పురుగు కన్నా ముందు కుళ్లు వస్తుంది.

గోంగూర నిల్వ పచ్చడికి ప్రత్యేకంగా ఏమైనా చూడాలా?

ఎలాగూ ఆకు కడిగి నీడన బట్ట మీద ఆరబెడతారు. ఆరేటప్పుడు ఒకసారి తిరగేసి బట్టను చూడండి, కడిగినప్పుడు తప్పించుకున్నవి అప్పుడు దిగుతాయి. పిండినల్లి పట్టిన రెమ్మను మొత్తంగా తీసేయండి, దాని మైనపు పొర నీళ్లకు లొంగదు.

## కడిగేటప్పుడు

మా అత్తయ్య ఉప్పునీళ్లంటారు, అమ్మ పసుపంటుంది, యూట్యూబ్‌లో వెనిగర్ అంటారు. ఏది కరెక్ట్?

అత్తయ్యగారికే నా ఓటు. లీటరు నీటికి రెండు చెంచాల ఉప్పు కలిపి, ఆకు మునిగేలా పది పదిహేను నిమిషాలు ఉంచితే పురుగులు పట్టు వదిలి పైకి తేలతాయి. గోరువెచ్చని నీళ్లయితే క్యాబేజీ, కాలీఫ్లవర్లలోంచి ఇంకా బాగా బయటికొస్తాయి. వెనిగర్ కూడా పట్టు వదిలిస్తుంది కానీ లేతాకు వాడిపోయి వాసన పడుతుంది. పసుపు వల్ల నీళ్లు రంగు మారి తేలిన పురుగు కనిపించకుండా పోతుంది, అమ్మకు కోపం రాకుండా ఆఖరి నీళ్లలో వేయండి.

ఈ మూడూ పురుగును వదిలించడానికే. అతుక్కున్న గుడ్లను, ఆకు లోపలి పురుగును, నత్త జిగురులోని సూక్ష్మమైన నులిపురుగులను ఏ నీళ్లూ ఖచ్చితంగా తీయలేవు. గిన్నెల సబ్బు మాత్రం ఆకుకు తగలనివ్వకండి.

ఎన్నిసార్లు కడిగితే చాలు?

లెక్క పెట్టుకోవద్దు, నీళ్లను చూడండి. లోతైన, లేత రంగు బేసిన్‌లో నీళ్లు నిండా పోసి ఆకును వదులుగా కలియతిప్పి, ఒక నిమిషం ఆగండి. పురుగులు పైకి, ఇసుక, నత్తలు అడుగుకు. తేలినవి గరిటెతో తీసేసి, ఆకును రెండు చేతులా పైకెత్తి వేరే గిన్నెలోకి మార్చండి. చాలామంది బేసిన్ వంచి నీళ్లు పారబోస్తారు, అప్పుడు అడుగునున్నదంతా మళ్లీ ఆకు మీదికే వస్తుంది. అడుగున ఏమీ మిగలని నీళ్లు వచ్చేదాకా ఇదే పని.

పేనుబంక ఎంత కడిగినా పోదేం?

ఆకు రసంలోకి నోరు గుచ్చుకుని ఉంటుంది కాబట్టి. ఉప్పునీళ్లలో నానబెట్టాక కుళాయి ధార కింద ఆకు వెనక వేలితో రుద్దితే పోతుంది. ముడుచుకుపోయిన లేతాకుల్లో గుంపుగా ఉంటే ఆ చివర తుంచి పారేయండి, అంత కష్టపడాల్సిన పని లేదు. ఒకటీ అరా మిగిలి ఉడికినా ఆరోగ్యానికి హాని లేదు.

## భయాలు, నిజాలు

క్యాబేజీలోని పురుగు మెదడులోకి వెళ్తుందట, నిజమేనా?

క్యాబేజీ పురుగు ఎక్కడికీ వెళ్లదు, కడుపులో అరిగిపోతుంది. మెదడులో తిత్తులు కట్టేది పందుల్లో పెరిగే బద్దెపురుగు. అది కడుపులో ఉన్న మనిషి మలంతో గుడ్లు బయటికొస్తాయి, ఆ మలం కలిసిన మట్టి, నీళ్లు, కడగని చేతుల ద్వారా మన నోట్లోకి చేరతాయి. నేలకు దగ్గరగా పెరిగే ఏ పచ్చి కూరైనా వాటిని మోయగలదు, నింద మాత్రం క్యాబేజీ ఒక్కదానికే పడింది. గుడ్లు కంటికి కనిపించవు కాబట్టి పురుగు లేని క్యాబేజీ క్షేమమనీ, పురుగున్నది ప్రమాదమనీ అనుకోవడం రెండూ తప్పే. బాగా ఉడికిస్తే భయం లేదు. పచ్చి క్యాబేజీ తురుము చల్లిన రోడ్డు పక్క నూడుల్స్ గురించి మీరే ఆలోచించుకోండి.

కూరలో బల్లి పడింది. విషమా?

మన ఇళ్లలో తిరిగే బల్లులకు విషం లేదు. దాని చర్మం మీద, రెట్టలో సాల్మొనెల్లా బాక్టీరియా ఉండొచ్చు, వాంతులు విరేచనాలు దానివల్ల వస్తాయి. పచ్చి ఆకుల్లో కనిపిస్తే తాకిన ఆకులు పారేసి మిగతావి బాగా కడిగి ఉడికించండి. వండిన కూరలో కనిపిస్తే మొత్తం పారేయండి. ఎవరైనా తినేసి ఉంటే భయపెట్టకండి, గమనించండి, విరేచనాలో జ్వరమో వస్తే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

పచ్చి ఆకుల జ్యూస్ రోజూ తాగుతాను. చిన్న నత్త పిల్ల మిక్సీలో పడితే ఏమవుతుంది?

ఈ పేజీలో నేను నిజంగా టెన్షన్ పడే ప్రశ్న ఇదొక్కటే. నత్తల్లో, గుల్ల లేని నత్తల్లో ఎలుకల నులిపురుగు పిల్లలు ఉండొచ్చు. ఎలుక పెంట తిన్న నత్తకు అవి చేరతాయి, పచ్చి నత్త ముక్క మన కడుపులోకి పోతే మెదడు పొరల వాపు తెస్తాయి. ఈ పురుగును 1935లో చైనాలోని కాంటన్ నగరపు ఎలుకల్లో గుర్తించారు. హవాయి దీవుల్లో ఇది పేరుమోసిన సమస్య, మన దగ్గర కేరళలోనూ కేసులు బయటపడ్డాయి.

నత్త పిల్ల బియ్యపు గింజంతే ఉంటుంది, ముడుచుకున్న ఆకులో కనిపించదు. మిక్సీ ఆ పురుగుల్ని చంపదు, ఉప్పు, వెనిగర్ కూడా నమ్మదగ్గవి కావు. మూడు నుంచి ఐదు నిమిషాలు మరిగించడం, లేదా మైనస్ 15 డిగ్రీల దగ్గర 24 గంటలు గడ్డకట్టించడం పనిచేస్తాయి. జ్యూస్ మానలేకపోతే ఆకులు ఒక్కొక్కటిగా రెండు వైపులా చూసి, పారే నీటి కింద రుద్ది కడగండి. చార కనిపించిన ఆకును జ్యూస్‌కు వాడనే వాడకండి.

పప్పులో ఉడికిన పురుగు కనిపించింది. అప్పటికే సగం తినేశాను.

ఏమీ కాదు. ఉడికిన చిన్న పురుగు వల్ల జబ్బు రాదు, వికారం మాత్రం వస్తుంది. మిగతాది తినాలా వద్దా అన్నది మీ మనసుకు సంబంధించిన సంగతి. శాకాహారులు పారేస్తే అందులో ఛాదస్తమేమీ లేదు.

## ప్యాకెట్ కూరలు, విదేశాల్లో ఉన్నవాళ్లు

ఫ్యాక్టరీలో అన్ని యంత్రాలుండగా సలాడ్ ప్యాకెట్లో కప్ప ఎలా వస్తుంది?

పెద్ద పొలాల్లో కోత యంత్రంతోనే, అక్కడ కట్ట విప్పి చూసే చెయ్యి లేదు. ఫ్యాక్టరీలో బుడగలొచ్చే నీళ్ల తొట్లలో పురుగులు తేలతాయి, ఆ తర్వాత కెమెరాలు, లేజర్లు. లేజర్ పడితే ఆకులోని పత్రహరితం ఎర్రగా వెలుగుతుంది, కప్పకూ ప్లాస్టిక్‌కూ ఆ వెలుగు ఉండదు. వెలగనిదాన్ని గాలి ఊది పక్కకు నెట్టేస్తారు. కానీ ఆకు కింద నక్కిన చిన్న కప్ప మీద లేజరే పడదు. మెటల్ డిటెక్టర్ దాన్ని పట్టదు, ఎక్స్‌రేకు అంత చిన్న ఎముకలు ఆనడం కష్టం.

అమెరికాలో 2003 నుంచి 2018 దాకా వార్తల్లోకెక్కిన ఇలాంటి 40 ఘటనలను పరిశోధకులు లెక్కతీస్తే, సగానికి పైగా కప్ప జాతివే, కొన్ని ప్రాణాలతోనే ఉన్నాయి. "మూడుసార్లు కడిగినది" అని ప్యాకెట్ మీద ఉన్నా పళ్లెంలో కుమ్మరించి చూసుకోవడం మంచిది.

అమెరికాలో ఫ్రోజెన్ పాలకూరలో పురుగులకు పర్మిషన్ ఉందని అక్క చెప్పింది. జోకా?

జోక్ కాదు. అక్కడి ఆహార నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ లెక్క ప్రకారం ఫ్రోజెన్ పాలకూరలో 100 గ్రాములకు సగటున 50 లేదా అంతకన్నా ఎక్కువ పేనుబంక, తామర పురుగులు, నల్లులు (మొక్కలకు పట్టేవి, మంచం నల్లులు కావు) ఉంటేనే చర్య తీసుకుంటారు. బ్రకోలీకి ఆ సంఖ్య 60. పొలంలో పండేదానిలో పురుగును సున్నా చేయాలంటే మందు గుమ్మరించాలి, దానికన్నా ఇది నయమన్నది వాళ్ల ఆలోచన. నాకూ అదే సబబనిపిస్తుంది.

ఇండియాలో కొన్న ప్యాకెట్లో దొరికింది. ఎవరికి చెప్పాలి?

ముందు పారేయకండి. దొరికినదాన్ని ప్యాకెట్‌తో సహా ఫోటో తీయండి, బ్యాచ్ నంబరు, తేదీ, బిల్లు కనిపించాలి. మొత్తాన్ని మరో సంచిలో కట్టి ఫ్రీజర్లో పెట్టండి. ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వారి ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో ఫిర్యాదు చేయొచ్చు, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. 2006 నాటి ఆహార భద్రతా చట్టం 54వ సెక్షన్ ప్రకారం ఆహారంలో ఇతర పదార్థాలు కలిసి ఉంటే లక్ష రూపాయల దాకా జరిమానా పడుతుంది. బజార్లో అవ్వ దగ్గర కొన్న పది రూపాయల కట్టలో పురుగు కనిపిస్తే మాత్రం మర్నాడు ఆమెకే చెప్పండి. ఆ కూర ఏ మడి నుంచి వచ్చిందో ఆమెకు తెలుసు, మీ ఫిర్యాదు ఆ రైతుకు ఆ సాయంత్రానికే చేరుతుంది.